హైబ్రిడ్ కారుకు కొత్త టైర్లు: మైలేజీ ఒక్కటే చూసి కొనకండి

మీరు అడిగింది కుదించి చెప్తే ఇదీ: గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా లాగే బండి), 46 వేల కిలోమీటర్లు తిరిగింది, కంపెనీ ఇచ్చిన టైర్లు అరుగుదల గుర్తు దాకా వచ్చేశాయి. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి, నెలకోసారి విజయవాడ. ఇప్పుడు లీటరుకు 22 వస్తోంది. ఇదే బండి ఉన్న మీ ఆఫీసు మిత్రుడికి మాత్రం టైర్లు మార్చగానే 19కి పడిపోయిందట. ఒక షాపులో ఇప్పుడున్న 215కు బదులు ఇంకాస్త వెడల్పున్న 225 సైజు వేసుకోమన్నారు, ఇంకో షాపులో ఆల్ టెరైన్ (మట్టి, రాళ్ల దారుల్లో కూడా పోయే గరుకు టైర్లు) చూపించారు. తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్ టైర్లంటే, అంటే తక్కువ శక్తితో దొర్లే టైర్లంటే, నిజంగా పనిచేసేవేనా, డబ్బులు గుంజే మాటేనా, ఏది కొనాలి అన్నది మీ సందేహం.

మొదట ఒక టైర్ల డీలర్ దగ్గర, తర్వాత సొంతంగా పెట్టుకున్న అలైన్‌మెంట్ సెంటర్‌లో ఏళ్ల తరబడి ఇదే పని చూస్తున్నవాడిని కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను. తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నాను. ఆ తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్ టైర్లు నిజంగానే పనిచేస్తాయి, హైబ్రిడ్‌లో అయితే మామూలు బండిలో కన్నా ఎక్కువ తేడా కనిపిస్తుంది. కానీ తడి రోడ్డు మీద పట్టు బాగా లేని టైరును మైలేజీ కోసం కొనకండి. సైజు మార్చకండి. ఆల్ టెరైన్ జోలికి అసలు పోకండి.

ఇక కారణాలు. టైరు రోడ్డుకు ఆనిన చోట ప్రతి చుట్టులోనూ నలుగుతుంది, ఆ చోటు దాటగానే మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది. నలగడానికి తీసుకున్న శక్తినంతా రబ్బరు తిరిగివ్వదు. కొంత లోపలే వేడిగా పోతుంది. హైవే మీద గంట నడిపి దిగి టైరు మీద చెయ్యి పెడితే తెలిసే వేడిలో ఎక్కువ భాగం అదే. దీన్నే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. కొలవడం కూడా సులువే: టైరు మీద ఒక టన్ను బరువు పడితే, దాన్ని దొర్లించడానికి ఎన్ని కిలోల తోపు కావాలి అని. మంచి టైరుకు ఏడు, ఏడున్నర కిలోలు సరిపోతే, మొండి టైరు పది దాటి అడుగుతుంది.

మీ బండికే లెక్క వేద్దాం. ఇద్దరు మనుషులతో కలిపి 1,450 కిలోలు అనుకోండి. టన్నుకు ఏడున్నర అడిగే టైరైతే సుమారు 11 కిలోల తోపు, పది అడిగే టైరైతే పద్నాలుగున్నర. తేడా మూడున్నర కిలోలే. దాన్నే 100 కిలోమీటర్ల పొడవునా తోస్తూ పోతే దాదాపు ఒక యూనిట్ కరెంటంత శక్తి అవుతుంది. మీ ఇంజిన్ లీటరు పెట్రోలులోంచి చక్రాల దాకా పంపగలిగేది సుమారు మూడు యూనిట్లు. అంటే వందకు మూడోవంతు లీటరు అదనం. లీటరుకు 22 ఇచ్చే బండి 100 కిలోమీటర్లకు 4.55 లీటర్లు తాగుతుంది. దానికి ఈ మూడోవంతు కలిపితే మైలేజీ 20.5కి దిగుతుంది. అదే మూడోవంతును లీటరుకు 12 ఇచ్చే మామూలు పెట్రోల్ ఎస్‌యూవీలో కలిపి చూడండి, 12 కాస్తా 11.5 అవుతుంది. ఆ బండి యజమాని గమనించను కూడా గమనించడు. మీరు మాత్రం డ్యాష్‌బోర్డు చూసి కంగారు పడతారు.

హైబ్రిడ్ వాళ్లకు టైరు తేడా ఎక్కువగా తెలియడానికి ఇంకో కారణం ఉంది. మామూలు బండిలో సిగ్నల్ దగ్గర బ్రేకు నొక్కిన ప్రతిసారీ బండి వేగంలో ఉన్న శక్తి అంతా వేడైపోతుంది, ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ తాగుతూనే ఉంటుంది. మీ బండిలో మోటారు ఆ వేగంలో కొంత వెనక్కి లాగి 0.76 యూనిట్ల చిన్న బ్యాటరీలో దాచుకుంటుంది, ఆగితే ఇంజిన్ కూడా ఆగిపోతుంది. ఆ రెండు చిల్లులూ చాలావరకు పూడ్చేశాక మిగిలేవి గాలి, టైర్లు, ఏసీ. గచ్చిబౌలి ట్రాఫిక్ వేగానికి గాలి పెద్ద లెక్కలోకి రాదు, అక్కడ టైరుదే పెత్తనం. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వంద దాటితే గాలి ముందుకొస్తుంది, టైరు వాటా తగ్గుతుంది. అందుకే ఊళ్లో ఎక్కువ తిరిగేవాళ్లకే ఈ టైర్ల లాభం ఎక్కువ.

ఇప్పుడు మీ మిత్రుడి 22, 19 సంగతి. అతను వేయించినవి చెత్త టైర్లే కావచ్చు, కానీ ఆ తేడా అంతా టైరు కంపెనీ మీదకు నెట్టడం న్యాయం కాదు. ఎంత మంచి టైరైనా కొత్తలో ఎక్కువ శక్తి తింటుంది. నలిగేది రబ్బరు కదా, కొత్త టైరులో నేలను తాకే రబ్బరే ఏడెనిమిది మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అరిగేకొద్దీ నలిగే సరుకు తగ్గుతుంది, పూర్తిగా అరిగేసరికి రోలింగ్ రెసిస్టెన్స్ కొత్తలో కన్నా ఇంచుమించు అయిదోవంతు తగ్గి ఉంటుంది. అంటే ఇవాళ మీకు వస్తున్న 22 అరిగిన టైర్లు ఇస్తున్న 22. సరిగ్గా అదే కంపెనీ, అదే మోడల్ కొత్తవి వేసినా 21కి రావడం మామూలే. దీనికి తోడు కొత్త టైరు చుట్టుకొలత కాస్త ఎక్కువ. చక్రం తక్కువ చుట్లు తిరిగి అదే దూరం పోతుంది, మీటరేమో చుట్లను లెక్కపెడుతుంది కాబట్టి నడిచిన దూరాన్ని ఒక శాతం అటూఇటుగా తక్కువ చూపిస్తుంది. బండి తాగింది మారలేదు, చూపించిన దూరం తగ్గింది. ఆ పైన టైర్లు మార్చింది జూన్‌లో అయితే వాన నీళ్లను చీల్చుకుంటూ పోవడానికి అదనపు శక్తి, ఏప్రిల్‌లో అయితే ఏసీ కోసం బ్యాటరీ త్వరగా దిగి మాటిమాటికీ లేచే ఇంజిన్. ఈ మధ్య 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక తగ్గిన మైలేజీని కూడా చాలామంది టైర్ల ఖాతాలోనే రాస్తున్నారు. పాత టైర్లతో పోయిన ఏడాది వర్షాకాలంలో వచ్చినదాన్ని, కొత్త టైర్లు రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగాక ఈ వర్షాకాలంలో వచ్చినదానితో పోల్చండి. అదీ ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ అదే బంకులో నిండా కొట్టించి వేసిన లెక్క. వేయించిన మర్నాటి డ్యాష్‌బోర్డు అంకెకు విలువ లేదు.

రబ్బరు నలిగినప్పుడు శక్తి తినకూడదు, బ్రేకు కొట్టినప్పుడు మాత్రం రోడ్డును పట్టుకోవాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. పాతకాలంలో తక్కువ తాగే టైరు అంటే తడిలో జారే టైరే. 1992 ప్రాంతంలో మిషెలిన్ వాళ్లు ట్రెడ్ రబ్బరులో, అంటే నేలను తాకే రబ్బరులో, కార్బన్ బ్లాక్ అనే మసిపొడికి బదులు చాలావరకు సిలికా కలిపిన టైరు తెచ్చాక పరిస్థితి మారింది. కిటుకు ఎక్కడుందంటే, 80 వేగంలో మీ చక్రం సెకనుకు పదిసార్లు తిరుగుతుంది, అంటే రబ్బరు నలిగేది సెకనుకు పదిసార్లే. అదే బ్రేకు కొట్టి టైరు జారబోయేటప్పుడు రోడ్డులోని సన్నని గరుకు రబ్బరును సెకనుకు వేల సార్లు కదిలిస్తుంది. నెమ్మది కదలికలో తక్కువ శక్తి తిని, వేగపు కదలికలో ఎక్కువ తినే రబ్బరును సిలికా వల్ల తయారు చేయగలిగారు. కాబట్టి ఈ రోజుల్లో మంచి టైరులో రెండు గుణాలూ దొరుకుతాయి. కాకపోతే ఖరీదు ఎక్కువ. చవకలో ‘ఫ్యూయల్ సేవర్’ అని పేరు పెట్టుకుని వచ్చే వాటిలో చాలావరకు ట్రెడ్ పలచన చేసి, గట్టి రబ్బరు పోసి ఆ పేరు తెచ్చుకున్నవే. వాటి బండారం తొలకరి వానకు బయటపడుతుంది. నెలల తరబడి పేరుకున్న నూనె, దుమ్ము మీద నాలుగు చినుకులు పడ్డప్పుడు నగరంలో ఏ ఫ్లైఓవర్ దిగుడులోనైనా నిలబడి చూడండి.

మరి షాపులో ఏది ఏదో ఎలా తెలుస్తుంది? యూరప్‌లో అమ్మే ప్రతి కారు టైరుకూ లేబుల్ తప్పనిసరి. 2021 మే నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో ఇంధనానికి, తడి పట్టుకు ఎ నుంచి ఇ దాకా అక్షరాలు ఇస్తారు, శబ్దానికి డెసిబెల్స్. ఇంధనంలో ఎ అంటే నేను పైన చెప్పిన టన్నుకు కిలోల లెక్కలో ఆరున్నర లేదా అంతకు తక్కువ. బి అంటే 7.7 లోపు, సి 9 లోపు, డి 10.5 లోపు, ఆపైన ఇ. తడి పట్టులో ఒక్కో అక్షరం కిందికి దిగితే 80 వేగంలో బ్రేకు కొట్టినప్పుడు బండి ఆగడానికి మూడు నుంచి ఆరు మీటర్లు ఎక్కువ పడుతుంది. మీ బండి పొడవు 4.3 మీటర్లు. ఒక్క అక్షరం తేడా అంటే ముందున్న లారీ దగ్గర ఒక కారు పొడవు అన్నమాట. అందుకే నేను ఎవరికి చెప్పినా తడి పట్టు బి కన్నా దిగొద్దంటాను. ఇంధనంలో ఎ దొరక్కపోయినా బి, లేదా మంచి సి చాలు.

మన దగ్గర అంత సౌకర్యం లేదు. కనీస ప్రమాణాలైతే వచ్చాయి. 2022 జూన్‌లో కేంద్ర రవాణా శాఖ ఏఐఎస్ 142 అనే ప్రమాణం ప్రకారం రోలింగ్ రెసిస్టెన్స్, తడి పట్టు, శబ్దం మూడింటికీ హద్దులు పెట్టింది. కొత్త డిజైన్లకు ఆ అక్టోబరు నుంచి, పాత డిజైన్లకు 2023 నుంచి అమలు. ఇక్కడ అమ్మే టైరుకు ఐఎస్ఐ గుర్తు ఎలాగూ ఉండాలి. అయితే ఇవన్నీ టైరు పాసైందని చెప్తాయే గానీ ఎన్ని మార్కులతో పాసైందో చెప్పవు. ఆ మార్కులు చెప్పడానికి ఫ్రిజ్‌లు, ఏసీల మీద నక్షత్రాలు వేసే బీఈఈ వాళ్లు టైర్లకు కూడా నక్షత్రాల లేబుల్ పెట్టారు కానీ అది స్వచ్ఛందం. మీరు చూస్తున్న మోడల్ మీద ఉంటే అదృష్టం, లేకపోతే లేదని దాన్ని తీసిపారేయకండి. ఇంకో జాగ్రత్త: యూరప్ లేబుల్‌లో ఒక పేరుకు బి కనబడిందని ఇక్కడి దానికీ అదే అనుకోవద్దు. 2020 జూన్‌లో టైర్ల దిగుమతి మీద ఆంక్షలు వచ్చినప్పటి నుంచి మనకు దొరికేవి ఎక్కువగా ఇక్కడ తయారయ్యేవే. పేరు ఒకటే అయినా మన గుంతలకు తగ్గట్టు పక్కగోడ బలంగా కట్టి, రబ్బరు మార్చి చేస్తారు. కంపెనీ కస్టమర్ కేర్‌కు సైజు చెప్పి ‘ఈ ఇండియా మోడల్‌కు రోలింగ్ రెసిస్టెన్స్ గ్రేడ్ ఎంత’ అని ఈమెయిల్ పెట్టండి. నా అనుభవంలో ఫోనుకు దొరకని జవాబు ఈమెయిల్‌కు దొరుకుతుంది.

పేరు మోసం ఇంకొకటి కూడా ఉంది. కారు కంపెనీ కొత్త బండికి వేసి పంపే టైరు, బయట షాపులో అదే పేరుతో దొరికే టైరు చాలాసార్లు ఒకటి కావు. కాగితం మీద లీటరుకు 27.97 చూపించాలంటే కారు కంపెనీ టైరు తయారీదారుకు గట్టి లక్ష్యం పెడుతుంది. వాళ్లు ఆ బండి కోసమే తేలికగా, ట్రెడ్ కాస్త పలచగా చేసి ఇస్తారు. షాపు సరుకుకు ఆ ఒత్తిడి లేదు, అక్కడ కొనేవాడు అడిగేది ‘ఎన్ని కిలోమీటర్లు వస్తుంది’ అని. పాత టైరు పక్కగోడను ఫోటో తీసి పెట్టుకోండి. మోడల్ పేరు తర్వాత ఉండే చిన్న అక్షరాలు, అంకెలు కూడా పడాలి. అవి షాపులో టైరు మీద కూడా ఉంటే అది మీ పాతదే. లేకపోతే పేరు మాత్రమే ఒకటి.

ఆ పక్కగోడ మీదే 215/60 ఆర్17 (వెడల్పు మిల్లీమీటర్లలో, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో శాతంగా, రిమ్ము సైజు అంగుళాల్లో) అని, దాని పక్కన 96హెచ్ అని ఉంటుంది. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 దాకా తట్టుకుంటుందని. ఈ రెండూ అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి, తక్కువ మాత్రం కుదరదు. బ్యాటరీ ఉంది కదా అని ఈవీల కోసం చేసిన ప్రత్యేక టైర్లు ఎక్కువ ధరకు అంటగట్టబోతే మొహమాటం లేకుండా వద్దనండి. అవి నాలుగైదు వందల కిలోల బ్యాటరీ మోసే బండ్ల కోసం. మీ బ్యాటరీ అందులో పిసరంత. ఈవీ టైర్లలో రోలింగ్ రెసిస్టెన్స్ తక్కువగా ఉండే మాట నిజమే, మీ సైజులో తగిన ధరకు దొరికితే వేసుకున్నా నష్టం లేదు, ఆ పేరుకు మాత్రం అదనంగా డబ్బు పెట్టొద్దు.

225 సలహా సంగతి. 215/60 ఆర్17 టైరు ఎత్తు 690 మిల్లీమీటర్లు. 225/60 వేస్తే 702. మీటరు వేగాన్ని, దూరాన్ని తక్కువ చూపడం మొదలుపెడుతుంది, టైరు బరువు పెరుగుతుంది, గాలికి అడ్డం పెరుగుతుంది. వెడల్పు టైరు నిలిచిన నీటి మీద తేలడం కూడా త్వరగానే మొదలవుతుంది. దీనంతటికీ బదులుగా మీకు దక్కేది పార్కింగ్‌లో కాస్త దర్జా. ఆల్ టెరైన్ గురించి అయితే రెండు ముక్కలు చాలు: బరువు, మోత. 40 లోపు వేగంలో ఇంజిన్ ఆగి బండి నిశ్శబ్దంగా పోతున్నప్పుడు ఆ పెద్ద పెద్ద ట్రెడ్ దిమ్మల మోత చెవులు తినేస్తుంది. మామూలు టైర్లలో కూడా హైబ్రిడ్‌కు శబ్దం తక్కువున్నది ఎంచుకోమనేది ఇందుకే. డీజిల్ బండిలో వినబడని హోరు ఇందులో వినబడుతుంది, విజయవాడ దారిలో సిమెంటు రోడ్డు ముక్క వచ్చినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

పేర్లు చెప్పమన్నారు కాబట్టి చెప్తాను. మిషెలిన్ ప్రైమసీ వరుస, బ్రిడ్జ్‌స్టోన్ టురాంజా 6ఐ, యోకోహామా బ్లూఎర్త్, కాంటినెంటల్ అల్ట్రాకాంటాక్ట్, గుడ్‌ఇయర్ అష్యూరెన్స్ ట్రిపుల్‌మ్యాక్స్ 2. మీ తిరుగుడుకు నేను వెతికేది ఈ రకంలోనే, అంటే సుఖంగా, శబ్దం లేకుండా, తడిలో నమ్మకంగా పోయేవి. వీటిలో మీ సైజు, 96హెచ్ దొరికేవి ఏవో మీ ఊరి డీలర్ స్టాకును బట్టి తేలుతుంది. రెండు సమానంగా కనిపిస్తే తడి పట్టు ఎక్కువున్నది తీసుకోండి. ధర తేడా ఎంతవరకు భరించవచ్చు అంటే, పైన వేసిన లెక్క ప్రకారం వందకు మూడోవంతు లీటరు, 40 వేల కిలోమీటర్లకు 130 లీటర్ల పైచిలుకు, లీటరు 107 రూపాయలు అనుకుంటే పద్నాలుగు వేలు. మొండి టైరుకూ మంచి టైరుకూ ఒక్కోదానికి రెండున్నర వేలు తేడా ఉన్నా నాలుగింటికి పదివేలు, ఇంకా మీరే లాభంలో ఉంటారు. అదే బి గ్రేడుకూ సి గ్రేడుకూ మధ్య అయితే తేడా ఇందులో ఇంచుమించు సగమే, అక్కడ అంత ఖర్చు పెట్టడం దండగ. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో పాత ధరే నడుస్తోందేమో చూసుకోండి.

బిగించే రోజు దగ్గరుండండి. డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 1425 అంటే 2025లో 14వ వారం తయారీ అని. ఆరేడు నెలల లోపుదైతే హాయిగా తీసుకోండి, ఏడాది దాటినదానికి తగ్గింపు అడగండి, రెండేళ్లు దాటితే వద్దు. నాలుగింటి మీదా చూడండి, మూడు కొత్తవి పెట్టి ఒకటి గోడౌన్‌లో మిగిలిపోయినది కలిపేవాళ్లు ఉన్నారు. కొన్నిసార్లు ఈ అంకెలున్న వైపు బండి లోపలికి తిరిగి ఉంటుంది, అందుకే రిమ్ముకు ఎక్కించకముందే చూడాలి. వాల్వులు కొత్తవి వేయించండి.

అలైన్‌మెంట్ తప్పనిసరి. ముందు చక్రాలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే టైరు దొర్లడం మానేసి పక్కకు ఈడ్చుకుంటూ పోతుంది. పైసా పైసా లెక్కేసి కొన్న గ్రేడంతా అక్కడ పోతుంది. అరిగిన మీ పాత టైర్లను ఒకసారి అరచేత్తో అడ్డంగా రుద్ది చూడండి. ఒక దిశలో నున్నగా, వెనక్కి రుద్దితే రంపపు పళ్లలా చేతికి గీరుకుంటుంటే అలైన్‌మెంట్ ఎప్పటినుంచో తప్పి ఉందని అర్థం. అప్పుడు మీకు వస్తున్న 22 కూడా రావాల్సినదానికన్నా తక్కువే. ప్రింటవుట్ ఇవ్వమనండి, ముందు ఎంత ఉంది, సరిచేశాక ఎంత అని రెండూ ఉండాలి.

గాలి విషయం చిన్నదే, దీన్ని పట్టించుకోనివాళ్లే ఎక్కువ. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకె చల్లటి టైరుకు, అంటే పొద్దున్నే బండి తీయకముందు. అయిదారు డిగ్రీల వేడికి టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది కాబట్టి మే నెల మధ్యాహ్నం హైవే దిగి బంకులో చూపిస్తే అంకె ఎక్కువ కనబడుతుంది, అక్కడ కుర్రాడు తీసేస్తాడు, మర్నాడు పొద్దున మీరు తక్కువ గాలితో తిరుగుతుంటారు. సొంతంగా ఒక డిజిటల్ గేజ్ కొనుక్కోండి. స్టిక్కర్ అంకెకు ఒకటి రెండు పీఎస్‌ఐ పైన ఉంచితే ఇబ్బంది లేదు. మైలేజీ మోజులో నలభై దాటించేవాళ్లకు టైరు మధ్యలో అరిగి, గుంతలో పడినప్పుడు పక్కగోడ ఉబ్బి తెలిసొస్తుంది. నైట్రోజన్ ఉచితమైతే కొట్టించుకోండి, మామూలు గాలిలో ఎలాగూ 78 శాతం అదే.

ఒకేసారి నాలుగు మార్చే వీలు లేకపోతే రెండు మార్చండి, కొత్తవి వెనక వేయించండి. ముందు చక్రాలే లాగే బండి కదా అని షాపులో ముందు వేయబోతారు. నీళ్లలో వెనక చక్రాలు పట్టు తప్పితే బండి గిరగిరా తిరిగిపోతుంది, సరిచేసుకోవడం మనబోటి వాళ్ల వల్ల కాదు. మోటారు లాగుడు, బ్రేకులో తిరిగి గుంజుకునేది రెండూ ముందు చక్రాల మీదే పడతాయి కాబట్టి ముందువి త్వరగా అరుగుతాయి, ఎనిమిది వేలకోసారి ముందువి వెనక్కి మార్పించండి. మీది ముందు చక్రాలే లాగే హైబ్రిడ్ కాబట్టి రెండేసి మార్చుకోవచ్చు. నాలుగు చక్రాలూ లాగే బండి ఉన్నవాళ్లు మాత్రం నాలుగూ ఒకే మోడల్, ఒకే అరుగుదల ఉండేలా చూసుకోవాలి.

రెండు మూడు షాపుల్లో ధరలు కనుక్కుని, మోడల్ పేరు పూర్తిగా, 96హెచ్ ఉందో లేదో, తయారీ వారం ఏమిటో ఇక్కడ రాయండి. పాత టైరు పక్కగోడ ఫోటో కూడా పెడితే ఏది తీసుకోవచ్చో చూసి చెప్తాను.